రాసేది నువ్వు, అరిచేది నేను

జూన్ 6

నిదానమ్మా,

అట్ట వచ్చింది. కవరులో పట్టక మడిచి పెట్టాను. మడత పడిందని తిట్టుకోకు, నవల పేరే ‘మూడో మడత’ అయినప్పుడు అట్ట మీద ఒక మడత పడితే మాత్రమేం. నీలం మాత్రం నువ్వు అడిగిన నీలం కాదు. ఆసుపత్రి దుప్పటి అంచు ఇంత వెలిసిపోయి ఎక్కడైనా ఉంటుందా అని బొమ్మ వేసినాయన నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. ఆసుపత్రి లాండ్రీలో చేరినప్పటి నుంచీ అవే దుప్పట్లు ఉతికి మడతపెడుతున్న మనిషే ఈ నవల రాసిందయ్యా, నీలం గురించి ఆమెకు పాఠం చెప్పకు అని చీటీ రాసి పంపాను. మారుస్తున్నాడు.

ఇక పంపకాల సంగతి. రాయడం అయిపోయిందంటే సగం పనే అయినట్టు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ సామెత చెప్పినవాడు పుస్తకాలు అమ్మి ఉండడు. పుస్తకం పదిమంది పెదవులు దాటితే గానీ పక్క వీధికి పోదు. సమీక్షలు రాసేవాళ్ళకు ముందు ప్రతులు, అంటే అసలు అచ్చుకు ముందే కుట్టిన కొద్ది కాపీలు, పంపడం, పత్రికలకు నాలుగు మాటలు రాసివ్వడం, షాపుల అద్దాల్లో అట్ట పెట్టించడం, రేడియో వాళ్ళ చుట్టూ తిరగడం నా వంతు. మీ లాండ్రీ వాళ్ళకూ, ఆసుపత్రి నర్సులకూ చెప్పడం నీ వంతు. వాళ్ళ బతుకు మీద వచ్చిన నవల వాళ్ళకే తెలియకపోతే ఇంకెవరికి తెలిసి ఏం లాభం?

ఆగస్టు పదిన దుకాణదారుల సభ. నీకు తెలిసిందే. ఏడాదికి ఒకసారి అన్ని ఊళ్ళ నుంచీ పుస్తకాల షాపుల వాళ్ళు వచ్చి హాల్లో కూర్చుంటారు. ఒక్కో ప్రచురణ సంస్థ తన కొత్త పుస్తకంలోంచి కొంత చదివి వినిపిస్తుంది. నచ్చితే అక్కడికక్కడే ఆర్డరు రాస్తారు. నాలాంటి చిన్న ప్రెస్సువాడి ఏడాది బతుకంతా ఆ ఒక్క మధ్యాహ్నం మీద ఆధారపడి ఉంటుంది. చదివేది రచయితైనా అయి ఉండాలి, ప్రచురణకర్తైనా అయి ఉండాలి. కిరాయి గొంతులు పనికిరావని వాళ్ళ నియమం. ఇన్నేళ్ళూ మన ప్రెస్సు తరఫున నేనే చదివాను.

ఈసారి ఒక చిన్న మార్పు. చదివేది నువ్వు. ఆహ్వాన పత్రంలో అచ్చయిపోయింది కూడా. అట్ట వెనకే పెట్టాను, చూడు.

మన ప్రెస్సు షాపులో ఫోను పాడైంది. ఉత్తరమే రాయి. పుస్తకాల వాళ్ళం, ఉత్తరాలకు బద్ధకిస్తే నవ్విపోతారు. మా అక్కను అడిగానని చెప్పు.

ఎప్పటి అరుపుల
మామయ్య


జూన్ 11

మామయ్యా,

కొంపకు నిప్పు పెట్టి, కాస్త దీపం వెలిగించానన్నట్టుంది నీ ‘చిన్న మార్పు’. ఆహ్వాన పత్రం చూశాను. ‘చదివేది: రచయిత్రి’ అని ఎంత ముద్దుగా అచ్చు వేయించావు! నన్నొక్క మాట అడగాలని తోచలేదా?

నాకు నత్తి అని నీకు గుర్తు చేయాల్సిన రోజు వస్తుందనుకోలేదు. బడంతా నన్ను నత్తి పిల్ల అంటుంటే నిదానమ్మ అని పేరు పెట్టింది నువ్వే. ఏడో తరగతిలో వార్షికోత్సవానికి నా చేత పాఠం చదివించాలని మా టీచరుకు బుద్ధి పుట్టింది, గుర్తుందా? నువ్వు రోజూ వచ్చి నా పక్కన కూర్చున్నావు. ఒకే పుస్తకం ఇద్దరం పట్టుకుని కలిసి చదివితే నా నత్తి ఎక్కడికి పోయేదో! నీ గొంతు పక్కన ఉంటే నా గొంతు దానంతటదే నడిచేది. వేదిక మీద మాత్రం నేనొక్కదాన్నే. మొదటి మాటలో ‘మ’ దగ్గరే నిలబడిపోయాను. ముందు వరసలో పిల్లలు నవ్వారు. వెనక వరసల వాళ్ళు ఎందుకో తెలియకపోయినా నవ్వారు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే నువ్వే కదా అన్నావు, “ఏడవకు తల్లీ. నువ్వు రాయి, బాగా రాస్తావు. రాసేది నువ్వు, అరిచేది నేను” అని. ఆ మాట పట్టుకునే నేను ఇన్నాళ్ళూ రాశాను. ఇప్పుడు అరవాల్సిన రోజు వచ్చేసరికి నన్ను ముందుకు తోసి నువ్వు వెనక్కి జరుగుతున్నావు.

నర్సులకు చెబుతాను. ప్రూఫులు ఇంకోసారి చూడమంటే చూస్తాను. ప్రతి షాపుకూ చేత్తో ఉత్తరం రాయమంటే వేళ్ళు నొప్పి పుట్టేదాకా రాస్తాను. నోరు మాత్రం అడగకు. లాండ్రీలో మిషన్ల మోతకు ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అందరం చేతులతో సైగ చేసుకుంటాం. నేను వేరే ఉద్యోగం వెతుక్కోకుండా అక్కడే ఉండిపోయింది అందుకే.

ఫోను బాగుచేయించు. శనివారం సాయంత్రం చేస్తాను. “సరేలే, నేనే చదువుతాను” అని నువ్వు అనాలి, నేను వినాలి. ఆ తర్వాత ఆ నీలం గురించి తీరిగ్గా పోట్లాడుకుందాం.

నీ
నిదానమ్మ


జూన్ 20

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. నీ కోపంలో న్యాయముంది. అయినా కొన్ని సంగతులు చెప్పక తప్పదు.

రచయిత రాసిచ్చి ఇంట్లో కూర్చుంటే ప్రచురణకర్త ఊరూరా తిరిగి అమ్ముకొచ్చే రోజులు పోయాయి. షాపుల వాళ్ళు రాసిన మనిషి మొహం చూడాలంటున్నారు. నేను లేచి ఇది గొప్ప పుస్తకం అన్నాననుకో, వీడి సరుకు వీడు పొగడక ఏం చేస్తాడంటారు. నువ్వే లేచి పొగుడుకుంటే, ఆ గొప్పలు చూడండంటారు. కాబట్టి ఇద్దరమూ పొగడకూడదు. చదవాలి, అంతే. ఇన్నేళ్ళూ అందరి పుస్తకాలూ నేనే చదివి అన్నిటికీ నా గొంతే తగిలించాను. అది కూడా పొరపాటేనేమో.

నా వంతు పని ఆగలేదు. ముందు ప్రతులు వెళ్ళాయి. వెనక అట్ట మీది మాటలు నాలుగుసార్లు మార్చాను. ‘హృదయాలను కదిలించే’ అన్నది కొట్టేశాను, కదలని హృదయం ఉన్నవాళ్ళు కూడా కొనాలి కదా. మా ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండరమ్మ కుడుతూ కుడుతూనే నీ నవల చదివేసింది. రెండో అధ్యాయం దగ్గర ఏడ్చి ఒక కట్ట తడిపి పెట్టింది. ఆ కట్ట పంపడానికి పనికిరాదు, దాచి ఉంచాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నత్తి నీ నాలుకకు ఉందేమో, నిన్ను ఆపేది మాత్రం అది కాదు. పిరికితనం. మిషన్ల మోతలో దాక్కుని సైగలతో ఉద్యోగం చేసుకోవచ్చు, పుస్తకం నిలబెట్టుకోలేం. పేరు తీయించను.

మామయ్య


జూన్ 25

ప్రచురణకర్త గారికి,

మీ ఉత్తరం అందింది. ప్రచారంలో ఎవరి వంతు ఏమిటో చక్కగా బోధించారు. అంత రాసినవారు శనివారం సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు కనుక నేనే రాస్తున్నాను.

శనివారం పనిలోంచి రాగానే మీ షాపుకు ఫోన్ చేశాను. పాడైందన్న ఫోను శుభ్రంగా మోగింది. ఎత్తారు. మీరేనని నాకు తెలుసు. కాగితం కట్ట బల్ల మీద తట్టి సమం చేసే చప్పుడు వినిపించింది, ఆ తట్టడం మీదే. ‘మామయ్యా’ అనబోయాను. ‘మ’ దగ్గర ఇరుక్కుంది. నాకది కొత్త కాదు, మీకూ కొత్త కాదు. ఎంతమంది నా మాట మధ్యలో అందుకుని పూర్తి చేసేస్తారో, ఎంతమంది గడియారం చూసుకుంటారో నేను చెప్పలేను. మాట వచ్చేదాకా ఆగే మనిషి ఒక్కరున్నారని అనుకుంటూ పెరిగాను.

మీరు పెట్టేశారు.

అందువల్ల మీ ఉత్తరానికి అర్థం ఇప్పుడు తెలిసింది. వినడానికి మీకే ఓపిక లేని గొంతును హాలు నిండా ఉన్న షాపుల వాళ్ళు వినాలి కాబోలు.

ఇంకొక విషయం. మీరు పంపిన ముందు ప్రతి ఒకటి ఎవరి చేతుల మీదుగానో పెద్ద ప్రచురణ సంస్థ ఒకదానికి చేరింది. వారు నాకు రాశారు. వారికి సొంత షాపులున్నాయి, ఏ సభలోనూ ఎవరూ చదవనక్కర్లేదు. రేడియోలో పేరున్న నటి చేత చదివిస్తారట. నేను ఇల్లు కదలక్కర్లేదు, నోరు తెరవక్కర్లేదు. మీరు ఒప్పందం వదులుకుంటే పుస్తకం వారే వేస్తారు. పిరికిదాన్ని కదా, ఆ ఏర్పాటే నాకు బాగుందనిపిస్తోంది.

అమ్మ అడిగింది, మా తమ్ముడు నిన్ను అంత మాట అన్నాడా అని. అనలేదు, రాశారు అని చెప్పాను.

మీ అభిప్రాయం తెలియజేయగలరు.

భవదీయురాలు,
రచయిత్రి


జూలై 1

రచయిత్రి గారికి,

‘మీరు’ అన్న మాట నా కోసం మీ చేతిరాతలో చూడడం ఇదే మొదలు. అక్షరాలు గుండ్రంగా, బాగానే ఉన్నాయి.

ఒప్పందాన్ని అడ్డంగా కొట్టేసి ఈ కవరులోనే పంపుతున్నాను. పుస్తకం మీది. వారు పెద్దవారు, నేను వీధి చివరి ప్రెస్సువాణ్ణి. ఎప్పటికైనా మీకు అది తెలిసిరావలసిందే. అచ్చు ఆపించాను. సభలో మీ పేరు తీయించే పని మాత్రం మీరే చూసుకోండి. వాళ్ళతో మాట్లాడే వీలు నాకు లేదు.

ఆ నటి బాగా చదువుతుంది. నేను విన్నాను.

పదకొండో అధ్యాయం చివర ఒక పేరా రెండుసార్లు పడింది. పెద్ద సంస్థల్లో ప్రూఫులు చూసే మనుషులు మారిపోతూ ఉంటారు. వాళ్ళను నమ్ముకోకు, నువ్వే చూసుకో.

ఇట్లు,
ప్రచురణకర్త


జూలై 9

మామయ్యా,

నిన్న మీ ఊరు వచ్చాను. నువ్వు నన్ను చూడలేదు.

పెద్ద సంస్థ కాగితాల మీద సంతకం పెట్టేముందు, నువ్వు కొట్టేసిన ఒప్పందాన్ని నీ బల్ల మీద విసిరి పోదామని వచ్చాను. నిన్ను ఏమేం అనాలో బస్సులో అంతా కూర్చుకున్నాను. నా నోట్లో ఇరుక్కునే మాటలు తీసేసి, వాటి బదులు ఇరుక్కోని మాటలు ఏరుకున్నాను. తిట్టడానికి కూడా నాకు ఇంత కసరత్తు కావాలి. నీ షాపు అద్దం తలుపు దాకా అన్నీ గుర్తున్నాయి.

లోపల బల్లకు ఇటు నువ్వు, అటు షాపుల ఆర్డర్లు పట్టుకెళ్ళే ఏజెంటు. ఆయన ఏదో అడిగాడు. నువ్వు పలక తీసుకుని రాశావు. పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలక. బైండరమ్మ దాన్ని చదివి ఆయనకు చెప్పింది. తడిగుడ్డతో తుడిచి ఇచ్చింది. నువ్వు మళ్ళీ రాశావు. ఆయనేదో జోకు వేశాడు, నువ్వు తల వెనక్కి వాల్చి నవ్వావు. నవ్వుకు చప్పుడు లేదు.

అద్దం అడ్డం ఉందని కాదు. నీ నవ్వు అద్దాలు ఆపగలిగేది కాదు. నువ్వు నవ్వితే పక్క షాపుల వాళ్ళు బయటికొచ్చి ఏమైందని అడిగేవాళ్ళు.

లోపలికి రాలేదు. వస్తే పలక దాచేస్తావనిపించింది. అది చూడలేను. బస్టాండులో కూర్చుని నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. బొమ్మ వేసినాయనకు చీటీ రాశానన్నావు. ఎదురుగా ఉన్నవాణ్ణి కూడా గట్టిగా కేకేసి పిలిచే మనిషివి, చీటీ ఎందుకు రాశావని నాకు అప్పుడే తోచాలి. సభ వాళ్ళతో మాట్లాడే వీలు లేదన్నావు. కోపంలో ఉన్నవాళ్ళకు అక్షరాలు కనపడతాయి గానీ సంగతి కనపడదు.

శనివారం ఇవతల మాట రాక నేను, అవతల మాట రాక నువ్వు. అంతే కదూ? ఏమైంది? ఎప్పటి నుంచి? డాక్టరు ఏమన్నాడు? ఇంకో ఉపన్యాసం రాశావంటే ఈసారి తలుపు తోసుకునే వస్తాను.

సంతకం పెట్టలేదు.

నిదానమ్మ


జూలై 13

నిదానమ్మా,

దొరికిపోయాను. అద్దం తలుపు పెట్టించినప్పుడే బైండరమ్మ అంది, వ్యాపారం వాళ్ళకు గోడలే మంచివని.

మార్చిలో గొంతు బొంగురుపోయింది. ప్రతి ఏడూ పోయేదే, అరిచిన అరుపులకు అనుకున్నాను. మేలో ఒక పొద్దున బైండరమ్మను పిలవబోతే గాలి వచ్చింది, మాట రాలేదు. గొంతు లోపల ఏదో కాయ ఉందట. మంచిదో చెడ్డదో కోసి చూస్తే గానీ చెప్పలేమన్నారు. ఈ నెల ఇరవై నాలుగున ఆపరేషన్. తర్వాత మాట వస్తుందా అని పలక మీద రాసి చూపిస్తే డాక్టరు దాన్ని చాలాసేపు చదివాడు. రాసింది మూడు మాటలే. అప్పటిదాకా, ఆ తర్వాత కొన్నాళ్ళూ, గుసగుసలు కూడా కూడదు.

ఎందుకు చెప్పలేదంటావు. నీకు రాయడం వచ్చు. నాకు వచ్చిందల్లా అరవడమే. నువ్వు నీ వంతు చేసేశావు, నా వంతు వచ్చేసరికి నా దగ్గర సరుకు లేదు. అరిచేది నేను అన్న మనిషి ఏ మొహం పెట్టుకుని నీ ముందుకొస్తాడు? సిగ్గేసింది తల్లీ. భయం కూడా వేసింది, ఆ కాయ ఏమిటోనని. రెండూ కలిసేసరికి అబద్ధాలు రాశాను.

దాని పైన ఒక తెలివితక్కువ పని చేశాను. చిన్నప్పుడు నీకు కోపం వస్తే నత్తి ఉండేది కాదు. మీ అమ్మతో పోట్లాడేటప్పుడు ఎంత ధారాళంగా పోట్లాడేదానివో! నిజం చెబితే నా మీద జాలితో నీ గొంతు కూడా పూడుకుపోతుంది, కోపం తెప్పిస్తే వేదికెక్కి దులిపేస్తావు అనుకున్నాను. అందుకే పిరికితనం అని రాశాను. అది నేను నమ్మే మాట కాదు. పోస్టులో వేశాక పెట్టె ముందు నిలబడి, వెనక్కి తీసుకునే దారి ఉందేమోనని చూశాను కూడా.

ఆ శనివారం. మోగితే ఎత్తడం చేతికి అలవాటు, ఎత్తేశాను. నీ ఊపిరి వినగానే నువ్వని తెలిసింది. ‘మ’ అంటున్నావు. “ఉన్నాను, నిదానంగా అను” అని చెప్పాలి. ఎప్పుడూ చెప్పేది అదే కదా. గాలి తప్ప రాలేదు. నువ్వు అవతల ఇంకా కష్టపడుతున్నావు. వింటూ నిలబడలేకపోయాను. పెట్టేశాను. ఆ మాట నిజమే, పెట్టేశాను. విసుగుతో కాదు.

సభ వదిలేద్దాం. నీ పేరు నేనే తీయిస్తాను. ఆ మధ్యాహ్నం లేకపోతే ఈ ప్రెస్సు వచ్చే ఏడు ఉంటుందో లేదో చెప్పలేను. ఉండకపోతే మానె. నువ్వు ఆ పెద్ద వాళ్ళకే ఇచ్చుకో. నాతో పాటు నీ పుస్తకం మూగబోకూడదు.

మామయ్య


జూలై 18

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఏడ్చింది. ఏడుపయ్యాక తిట్టింది. ఆ తిట్లు నేను రాయను, ఇరవై మూడున స్వయంగా వచ్చి ఇస్తానంది. నేనూ సెలవు పెట్టాను.

పెద్ద సంస్థకు వద్దని రాసేశాను. ఒప్పందం మీద నువ్వు గీసిన గీత పక్కన ‘ఈ గీత చెల్లదు’ అని రాసి వెనక్కి పంపుతున్నాను. అచ్చు మొదలుపెట్టించు. ఆ రెండోసారి పడిన పేరా తీయించు. నా పేరు గనక తీయించావో, నీకూ నాకూ చెడుతుంది.

పంపకాలు మళ్ళీ చేసుకుందాం. నీ చేతులు బాగానే ఉన్నాయి. పత్రికలకు, షాపులకు, రేడియోకు ఏం రాయాలన్నా నువ్వే. నోటి పని ఏదున్నా నేను. ఈ ఒక్క పుస్తకానికి రాసేది నువ్వు, అరిచేది నేను.

ధైర్యం వచ్చేసిందనుకోకు. నిన్న భోజనాల వేళ మిషన్లు ఆపాక మా లాండ్రీ వాళ్ళకు మొదటి పేజీ చదివాను. వాళ్ళ బతుకు మీద నవల రాశానని తెలిస్తే ఏమంటారోనని ఇన్నాళ్ళూ దాచాను. ఏమీ అనలేదు, మా సూపర్వైజరు మాత్రం ఆ పేజీలో తన పాత్రకు ఇంకాస్త పొడుగు ఉంటే బాగుండేదంది. పేజీ చాలాసేపు పట్టింది. “దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. మూడో మడత దగ్గర ఒకరు వదిలేయాలి” అని ఉంటుంది కదా, ఆ ‘మూడో’ దగ్గర ప్రతిసారీ ఇరుక్కుంటున్నాను. రాసేటప్పుడు నా నోటి సంగతి ఆలోచించలేదు. ఆ మాట మార్చేద్దామా అంటే సూపర్వైజరు ఒప్పుకోలేదు. అది మూడో మడతే, ఇంకో మాట పెడితే దుప్పటి ఎలా మడుస్తారో తెలియని మనిషి రాసినట్టుంటుందని కసిరింది.

ఒక షరతు. నువ్వు ముందు వరసలో నాకు సరిగ్గా ఎదురుగా కూర్చోవాలి. పుస్తకం తెరిచి, నాతో పాటు పెదవులు కదపాలి. చప్పుడు వద్దు. చిన్నప్పుడు నీ గొంతు పక్కన ఉంటే నడిచాను, ఇప్పుడు నీ పెదవులు కనపడితే నడుస్తానేమో. నడవకపోతే నవ్వుకునేది వాళ్ళు, ప్రెస్సు పోగొట్టుకునేది మనం. తెలిసే వస్తున్నాను.

నీ
నిదానమ్మ


ఆగస్టు 12

నిదానమ్మా,

సభ కాగానే నువ్వు బస్సుకు పరిగెత్తావు. నాకు చెప్పాల్సింది బోలెడుంది, నా పలక చూస్తే ఇంతే. పైగా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ దాన్ని మీ అమ్మ తన తిట్లతోనే నింపేసింది. అందుకని ఉత్తరమే గతి.

నువ్వు వేదిక మీంచి చూసింది వేరు, నేను కింద కూర్చుని చూసింది వేరు. నువ్వు లేచి నిలబడేసరికి నా చేతిలో పుస్తకం చెమటకు తడిసింది. నీ కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి. “దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి.” ఇద్దరం కలిసే దాటాం. సరిగ్గా అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఒక లావుపాటి షాపాయన కుర్చీ వెతుక్కుంటూ వచ్చి నీకూ నాకూ మధ్య నిలబడ్డాడు. నువ్వు ‘మ’ దగ్గర ఆగిపోయావు.

ఒక్క అరుపు అరిస్తే చాలు, ఆయన జరుగుతాడు, లేకపోతే ఆ మాటే నీకు అందుతుంది. కోసిన పుండు మళ్ళీ రేగితే రేగనీ అనుకుని నోరు తెరిచాను. బైండరమ్మ నా మణికట్టు పట్టుకుంది, పుస్తకం బిగించినట్టు బిగించింది. వెనక ఎవరో, ముందు ప్రతి చదివినాయన కాబోలు, “మూడో...” అని నీకు అందించబోయాడు.

నువ్వు చెయ్యి ఎత్తావు. దుప్పటి అవతలి కొస పట్టుకున్నవాళ్ళకు ‘ఆగు, లాగకు’ అని లాండ్రీలో మీరు చేసే సైగ అది. నీ నవలలో చదివాను కాబట్టి నాకు తెలిసింది. హాల్లో మిగతావాళ్ళకు తెలియదు, అయినా ఆగారు. అందించబోయినాయన నోరు మూసుకున్నాడు. కుర్చీ వెతుక్కుంటున్నాయన కూడా ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. నువ్వు ఎవరి వైపూ చూడలేదు, ఎవరూ నవ్వలేదు. ఆ మాట రావడానికి పట్టాల్సినంతసేపు పట్టింది. వచ్చింది. “మూడో మడత దగ్గర ఒకరు వదిలేయాలి.”

ఆ తర్వాత ఆయన కూర్చున్నాడు. నా పెదవులు మళ్ళీ నీకు కనపడేలా ఉన్నాయి. నేను కదుపుతూనే ఉన్నాను. నువ్వు చూడలేదు. ఇంకా కొన్ని చోట్ల ఆగావు, ఆగి నడిచావు. ఒక పేరా అయ్యాక నేను కదపడం మానేశాను. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని విన్నాను. మన ప్రెస్సు పుస్తకాన్ని ఇంకొకరి గొంతులో వినడం నా జన్మలో అదే మొదలు. ఏడ్చాను. జలుబు చేసిందని బైండరమ్మ పక్కవాళ్ళకు చెప్పింది.

ఆర్డర్లు వచ్చాయి. ప్రెస్సుకు ఈ ఏడు గడుస్తుంది. ఆ లావుపాటాయన అందరికంటే ఎక్కువ రాశాడు, అడ్డం నిలబడ్డందుకు జరిమానా అనుకుందాం.

కోసి తీసిన కాయ చెడ్డది కాదని రిపోర్టు వచ్చింది. అమ్మకు చెప్పు. గొంతు ఎంత వస్తుందో మాత్రం ఇంకా చెప్పలేమంటున్నారు. ఆదివారం నుంచి రోజుకు కొన్ని మాటలు పలికి చూడమన్నారు. మొదటి మాట ఇక్కడ ఎవరి మీదా ఖర్చు పెట్టను. ఆదివారం సాయంత్రం నీకు ఫోన్ చేస్తాను. ఎత్తాక ఏమీ వినపడకపోతే అది నేనే. నాకు కాస్త టైము పడుతుంది. పెట్టేయకు.

మామయ్య